పొరుగువాని సాక్ష్యం, తుపాకి లైసెన్సు

ప్రతి యేటా వేసవి ముగిసేసరికి మన నారాయణఖేడ్, జహీరాబాద్, సంగారెడ్డి ప్రాంతాల నుండి కూడా కొందరు యువకులు పైచదువుల కోసం అమెరికా విమానమెక్కుతున్నారు. పూర్వం వారి తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు వేరు. అక్కడ హలాల్ మాంసం దొరుకుతుందా, జుమా నమాజుకు వీలవుతుందా, బ్యాంకు వడ్డీ సంగతి ఏమిటి అని అడిగేవారు. ఇటీవల మరొక ప్రశ్న వచ్చి చేరింది. “మౌలానా సాబ్, అక్కడ అందరూ తుపాకి కొనుక్కుంటున్నారట. మా వాడు కూడా కొనుక్కుంటానంటున్నాడు, జాయెజేనా?” ఇంకొక వైపు మస్జిద్ కమిటీల పెద్దలు కొందరు, జుమా రోజున గుమ్మం దగ్గర లైసెన్సున్న తుపాకి ఒకటి ఉంటే మంచిది కదా అని ఆలోచిస్తున్నారు.

ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. సాధారణ పౌరుల చేతిలో ఆయుధముంటే సామూహిక కాల్పులు ఆగుతాయా? లేక ఆయుధం ఇచ్చే ముందు మనిషి పూర్వాపరాలు విచారిస్తే ఆగుతాయా? అమెరికా ఈ విషయమై దశాబ్దాలుగా తగవులాడుకుంటోంది. మనకది పొరుగూరి తగవు కాదు. మరణించినవారిలో మనవారున్నారు. చెప్పడానికి నోరు రాకున్నా చెప్పక తప్పదు, చంపినవారిలోనూ మన హైదరాబాదులో పుట్టినవాడు ఒకడున్నాడు. హంతకుల పేర్లు మాత్రం ఈ వ్యాసంలో వ్రాయబోము. న్యూజీలాండ్ నాటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ తమ దేశపు హంతకుని పేరు తన నోట ఉచ్చరించనని పార్లమెంటులోనే ప్రకటించారు. మాకది సబబుగా తోచింది.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో హైదరాబాదు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల తుపాకి గుండ్లకు బలయ్యారు. ఆయన స్నేహితుడు గాయపడ్డారు. కాల్చినవాడు వారిని ఇరానీయులనుకున్నాడు. తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని తర్వాత మరొక చోట తానే చెప్పుకున్నాడు. అంటే ఆ హిందూ సోదరుడు మన పేరున మరణించాడు. ఈ సంగతిని మన ఇళ్ళలో తగినంతగా చెప్పుకోలేదని మా అభిప్రాయం. ఆనాడు అక్కడ ఇయాన్ గ్రిలాట్ అనే ఇరవై నాలుగేళ్ళ స్థానిక యువకుడు, తూటాలు అయిపోయి ఉంటాయనుకొని హంతకుని వెంటపడి చేతికీ ఛాతీకీ గాయాలపాలయ్యాడు. అతని చేతిలో ఏ ఆయుధమూ లేదు.

2018 సెప్టెంబర్ 6న సిన్సినాటి నగరంలోని ఒక బ్యాంకు భవనంలో జరిగిన కాల్పుల్లో ముగ్గురు మరణించగా, వారిలో తెనాలికి చెందిన యువకుడు ఒకరు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణపు దుకాణ సముదాయంలో ఎనిమిది మంది మరణించగా, వారిలో మన హైదరాబాదు యువతి ఒకరు. సిన్సినాటి హంతకుడు తుపాకిని చట్టప్రకారమే కొన్నాడు. ఆలెన్ హంతకుణ్ణి 2008లో సైన్యంలో చేరిన కొద్ది నెలలకే మానసిక స్థితి కారణంగా పంపివేశారు. అయినా అతని చేతికి ఆయుధాలు చేరాయి. 2021 సెప్టెంబర్ నుండి టెక్సాస్‌లో ఇరవై ఒక్కేళ్ళు నిండినవారు అనుమతిపత్రం లేకుండానే చేతి తుపాకి వెంట ఉంచుకోవచ్చు. ఆలెన్‌లో హంతకుణ్ణి పడగొట్టింది మాత్రం వేరే పనిమీద అక్కడికి వచ్చిన ఒక పోలీసు అధికారి.

సాయుధ పౌరుల వాదంలో పస లేదనడం న్యాయం కాదు. 2022 జులైలో ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ దుకాణ సముదాయంలో ఇరవై రెండేళ్ళ యువకుడు తన చేతి తుపాకితో హంతకుణ్ణి కొద్ది క్షణాల్లోనే కూల్చాడు. లేకుంటే మృతులు ముగ్గురితో ఆగేవారు కాదు. 2019 డిసెంబర్‌లో టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ప్రార్థన మధ్య కాల్పులు జరిపినవాణ్ణి ఆ చర్చి రక్షణ బృంద సభ్యుడు ఆరు క్షణాల్లో నిలువరించాడు. ఆ ఆరు క్షణాల్లోనే ఇద్దరు చనిపోయారు. ఆ రక్షకుడు సాదాసీదా భక్తుడు కాడు, ఇతరులకు తుపాకి శిక్షణ ఇచ్చే మనిషి.

మరి లెక్క ఏమంటుంది? అమెరికా ఎఫ్‌బీఐ సంస్థ 2000 నుండి 2013 వరకు జరిగిన 160 ఘటనలను పరిశీలించింది. పోలీసులు కాని సాయుధులు ఎదురు కాల్పులు జరిపినందున ముగిసినవి వాటిలో 5. ఆ ఐదింటిలో నాలుగు చోట్ల ఉన్నది సాయుధ కాపలాదారులు. అనుమతిపత్రం గల సాధారణ పౌరుడు ఒక్క చోటే. ఏ ఆయుధమూ లేని మనుషులు మీదపడి, పట్టుకొని ఆపినవి 21. మొదటిసారి చదివినప్పుడు ముద్రారాక్షసమేమోనని మళ్ళీ చూసుకున్నాము.

తుపాకి పట్టిన మంచివాణ్ణి చూసి, దూరం నుండి వచ్చే పోలీసు గుర్తుపట్టగలడా? 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడా పట్టణంలో జాన్ హర్లీ అనే పౌరుడు, ఒక పోలీసు అధికారిని చంపినవాణ్ణి కాల్చి ఆపాడు. హంతకుని తుపాకి చేత పట్టుకొని నిలుచున్న అతణ్ణి అప్పుడే వచ్చిన పోలీసు హంతకుడనుకొని కాల్చి చంపాడు. ఇది అక్కడి తెల్లవానికి జరిగింది. గడ్డమున్న మన పిల్లవాడు టెక్సాస్ వీధిలో, కాల్పుల మధ్యలో, చేతిలో పిస్టలుతో నిలబడితే ఏమవుతుందో తల్లిదండ్రులు ఊహించుకోవాలి. ఆ ప్రశ్న అడిగిన తండ్రికి మేము చెప్పిన మొదటి మాట ఇదే.

2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా వేళ రెండు మస్జిదులలో 51 మంది షహీదులయ్యారు. వారిలో మన హైదరాబాదు, కరీంనగర్‌లకు చెందినవారున్నారు. అన్నూర్ మస్జిద్‌లో నయీమ్ రషీద్ ఖాళీ చేతులతో హంతకుని మీదికి ఉరికి ప్రాణం అర్పించారు. లిన్‌వుడ్ మస్జిద్ బయట అబ్దుల్ అజీజ్, చేతికందిన కార్డు యంత్రాన్ని హంతకుని మీదికి విసిరారు. తర్వాత అతడు పారవేసిన ఖాళీ తుపాకిని తీసుకొని ఈటెలా అతని కారు అద్దానికి విసిరారు. హంతకుడు పారిపోయాడు. ఆ ఇద్దరికీ 2022లో ఆ దేశపు అత్యున్నత సాహస పురస్కారం ప్రకటించారు. నయీమ్ రషీద్‌కు అది మరణానంతర పురస్కారం.

అయితే మా మద్రసా విద్యార్థులలో చురుకైనవాడెవడైనా వెంటనే అడుగుతాడు. దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో భయవేళ నమాజును గురించి ఆదేశిస్తూ ఆయుధాలు వెంట ఉంచుకోమన్నది కదా అని. నిజమే, ఆ ఆదేశముంది. అది యుద్ధభూమిలో, నాయకుని ఆజ్ఞ కింద ఉన్న సైన్యానికి సంబంధించినది. కాని ఆ ఆయతులో మనం గమనించని మరో సంగతి ఉంది. ఒక వర్గం నమాజు చేస్తుండగా మరో వర్గం కావలి ఉండాలి, తర్వాత వీరు వారి స్థానంలోకి రావాలి. అందరూ ఒకేసారి వీపు తిప్పి నిలబడరాదన్నది అందులోని యుక్తి. ఇది మన మస్జిదులకు నేటికీ వర్తిస్తుంది. దానికి తుపాకి అక్కరలేదు.

ఆత్మరక్షణ హక్కును ఇస్లామ్ నిరాకరించలేదు. తన ప్రాణాన్ని, కుటుంబాన్ని, సొత్తును కాపాడుకుంటూ మరణించినవాడు షహీదని హదీసులలో ఉంది. అయినా ఆయుధం విషయంలో దైవప్రవక్త (సఅసం) నేర్పిన మర్యాదలు ఎంత సున్నితమైనవో చూడండి. బాణాలతో మస్జిద్‌లోకో బజారులోకో వచ్చేవాడు వాటి మొనలను చేత పట్టుకోవాలని ఆదేశించారు, ఎవరికైనా గీసుకుంటుందేమోనని. ఒర తీసిన కత్తిని ఒకరికొకరు అందించుకోవడాన్ని వారించారు. హాస్యానికైనా సోదరుని వైపు ఆయుధం చూపరాదన్నారు, షైతాన్ ఎప్పుడు చేయి లాగుతాడో తెలియదు గనుక. ఆ సమాజం ప్రతి మగవాని ఇంట్లో కత్తి ఉన్న సమాజం. శత్రువులు గుమ్మంలో ఉన్న కాలం. అయినా మొన పట్టుకోమన్నారు.

షైతాన్ చేయి లాగడమంటే ఏమిటో మన రాష్ట్రంలోనే చూశాము. 2020 డిసెంబర్ 18న ఆదిలాబాద్ పట్టణంలో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన తగాదాలో, మున్సిపాలిటీకి ఉపాధ్యక్షునిగా పనిచేసిన ఒక నాయకుడు తన లైసెన్సు రివాల్వరుతో కాల్పులు జరిపాడు. తుపాకికీ కత్తికీ ముగ్గురు గాయపడ్డారు. ఒకరు కొద్ది రోజులకు హైదరాబాదు ఆసుపత్రిలో మరణించారు. 2022లో న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. చంపినవాడూ మనవాడే, చనిపోయినవాడూ మనవాడే. ఆ రివాల్వరుకు లైసెన్సు ఇచ్చింది ఆత్మరక్షణ కోసం. పిల్లల ఆటలో ఔటా కాదా అన్న మాట దగ్గర అది పేలింది.

సాయుధ పౌరుల గురించి మాట్లాడేటప్పుడు మన ప్రాంతపు పాత గాయాన్ని దాటవేయడం కూడా సరికాదు. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనప్పుడు మెదక్‌కు వచ్చింది. 1947–48లో నిజాం రాజ్యంలో రజాకార్లు అనే సాయుధ దళాలు బయలుదేరాయి. సమాజ రక్షణకే ఆయుధం పట్టామన్నారు. ఊళ్ళను దోచారు, కాల్చారు, చంపారు. వారిని విమర్శించిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఆయన ముస్లిమే. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో అంతా ముగిసింది. ఆ తర్వాత ప్రతీకారం చెల్లించింది ఎవరు? ఏ దళంలోనూ లేని రైతులు, చేనేతవారు, వారి స్త్రీలు, పిల్లలు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. అత్యధికంగా నష్టపోయిన నాలుగు జిల్లాలలో బీదర్ ఒకటి. ఆయుధం పట్టినవారు సమాజం పేరున పట్టారు, మూల్యం చెల్లించే సమయానికి వారు ఊళ్ళో లేరు. మస్జిద్ గుమ్మంలో తుపాకి అనే మాట వినబడినప్పుడల్లా మాకు ఈ చరిత్ర గుర్తుకొస్తుంది. అదే బృందం తన నివేదికలో, ముస్లిములను ఆయుధాలు తీసుకొని వదిలేసి, ఎదుటివారిని అలాగే ఉంచిన చోట్లను కూడా పేర్కొంది. కనుక ఈ భయానికి ఆధారం లేదని మేము అనము. భయానికి మందు ఏదన్నదే ప్రశ్న.

ఇక రెండవ మార్గం, విచారణ. అమెరికాలో 1993లో బ్రేడీ చట్టం వచ్చింది. 1998 నుండి లైసెన్సున్న దుకాణదారు తుపాకి అమ్మే ముందు కొనేవాని నేరచరిత్రను కేంద్ర జాబితాలో సరిచూడాలి. ప్రైవేటు వ్యక్తుల మధ్య అమ్మకాలకు కేంద్ర చట్టం ప్రకారం ఈ నియమం లేదు. మూడు పనిదినాలలో జవాబు రాకపోతే దుకాణదారు అమ్మివేయవచ్చు. 2015లో చార్లెస్టన్ నగరపు నల్లజాతివారి చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడు తుపాకి పొందింది ఈ సందులోనే. 2017 నవంబరులో సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మందిని చంపినవాడు, భార్యను, బిడ్డను కొట్టి సైనిక న్యాయస్థానంలో శిక్ష పొందినవాడు. వాయుసేన ఆ శిక్ష వివరాన్ని జాబితాకు పంపలేదు. జాబితాలో పేరు లేదు గనుక దుకాణంలో తుపాకి దొరికింది. ఆ చర్చి పక్కింటి మనిషి ఒకరు చెప్పులైనా లేకుండా తన తుపాకితో పరుగెత్తి వచ్చి హంతకుణ్ణి గాయపరిచాడు. అతని సాహసం మెచ్చదగినదే. అప్పటికే చర్చిలో ఘోరం జరిగిపోయింది. ఆలస్యంగా వచ్చిన ధైర్యవంతుడు, పంపని ఒక కాగితం, రెండూ ఒకే ఘటనలో ఉన్నాయి.

క్రైస్ట్‌చర్చ్ సంగతి ఇంకా బోధపరుస్తుంది. ఆ హంతకుడు దొంగతనంగా ఆయుధాలు కొనలేదు. 2017 నవంబరులో డ్యూనెడిన్ పోలీసుల నుండి లైసెన్సు పొందాడు. తనను ఎరిగినవారిగా ఇద్దరిని చూపాలన్నది నియమం. మొదట సోదరి పేరు ఇచ్చాడు. ఆమె ఆస్ట్రేలియాలో ఉన్నందున వేరే పేరు ఇమ్మన్నారు. అప్పుడు ఇంటర్నెట్ ఆటల ద్వారా పరిచయమైన ఒక స్నేహితుణ్ణి, ఆ స్నేహితుని ఇంటి పెద్దను చూపాడు. ఎదురెదురుగా వారితో గడిపిన రోజులు బహు తక్కువ. పోలీసులు ఆ సాక్ష్యంతో తృప్తిపడ్డారు. 2020 డిసెంబరులో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక ఈ లోపాన్ని స్పష్టంగా ఎత్తిచూపింది.

ఇది చదివినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) వృత్తాంతం జ్ఞాపకం రానివారు మద్రసాలో చదివినవారు కారు. ఒక సాక్షి మంచివాడని మరొకడు హామీ ఇవ్వగా ఖలీఫా మూడు ప్రశ్నలు వేశారు. అతని రాకపోకలు తెలిసిన దగ్గరి పొరుగువాడవా? డబ్బు విషయంలో అతనితో లావాదేవీలు జరిపావా? మనిషి గుణం బయటపడే ప్రయాణం అతనితో చేశావా? మూడింటికీ లేదనే జవాబు రాగా, అయితే అతణ్ణి నీవు ఎరుగవని తోసిపుచ్చారు. పదమూడు వందల ఏళ్ళకు పైబడిన ఈ కొలతతో డ్యూనెడిన్ దరఖాస్తును కొలిస్తే ఏ జవాబు వచ్చేదో పాఠకులే చెప్పగలరు. మన హనఫీ గ్రంథం హిదాయాలో, ఫిత్నాకు పాల్పడేవారికి ఆయుధం అమ్మడం అవాంఛనీయమని, అటువంటివాడని తెలియనివానికి అమ్మితే దోషం లేదని చెప్పబడింది. అంటే ఎవరికి అమ్ముతున్నావో తెలిసి ఉండాలన్న బాధ్యతను అమ్మేవానిపై పెట్టారు.

ఒక్క విచారణతోనే సరిపోతుందా? 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది మరణించిన తర్వాత ఆస్ట్రేలియా దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను ప్రజల నుండి కొని నాశనం చేసింది. ఆత్మరక్షణ అన్నది అక్కడ తుపాకి కలిగి ఉండడానికి చెల్లుబాటయ్యే కారణం కాదు. దాదాపు ముప్పై ఏళ్ళు ఆ స్థాయి ఘోరం మళ్ళీ జరగలేదు. 2025 డిసెంబర్ 14న సిడ్నీలోని బాండై సముద్రతీరంలో యూదుల హనుక్కా పండుగ వేళ తండ్రీకొడుకులు కలిసి 15 మందిని చంపారు. మృతులలో పదేళ్ళ బాలిక ఉంది. తండ్రి 1998లో హైదరాబాదు నుండి వెళ్ళినవాడని తెలంగాణ పోలీసులు ప్రకటించారు. అతని పేర లైసెన్సుతో ఆరు తుపాకులున్నాయి. 2019లోనే కొడుకును అక్కడి నిఘా సంస్థ పరిశీలించింది. కాని లైసెన్సు తండ్రిది, అనుమానం కొడుకు మీద. కాగితం ఒక మనిషిని చూస్తుంది, ఇల్లు మొత్తాన్ని చూడదు.

ఆ హంతకులు మన ధర్మం పేరు వాడుకున్నారు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళిని చంపడంతో సమానమన్న అల్‌మాయిదా ఆయతు, బనీ ఇస్రాయీల్ ప్రస్తావనతోనే మొదలవుతుంది. దానిని చదివి యూదు పిల్లలను చంపినవాడు ఏమి చదివినట్టు? అదే తీరంలో సిరియా నుండి వచ్చిన పండ్ల దుకాణదారు అహ్మద్ అల్ అహ్మద్, కార్ల చాటున పాక్కుంటూ వెళ్ళి ఖాళీ చేతులతో హంతకుని తుపాకి లాక్కున్నాడు. లాక్కున్న తుపాకితో కాల్చలేదు. చెట్టుకు ఆనించి పెట్టి, చేయి పైకెత్తాడు. గాయపడ్డాడు, బ్రతికాడు. అర్వాడాలో హర్లీకి దక్కని వ్యవధి అతనికి దక్కింది.

మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం, లైసెన్సు అడిగినవాని గురించి దగ్గరి పోలీస్ స్టేషన్ నుండి నివేదిక తెప్పించుకోవాలి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ళ నుండి ఐదేళ్ళకు పెరిగింది. ఒక చేత్తో బిగించి మరో చేత్తో వదిలినట్టుంది. ఆ చట్టంలోనే ఇంకొక మాటుంది. నిర్ణీత గడువులో పోలీసు నివేదిక రాకపోతే, అధికారి దానికోసం ఎదురుచూడకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. చార్లెస్టన్ సందు మన చట్టంలోనూ ఉన్నదన్నమాట. దేవుని దయవల్ల ఇక్కడ ఆ గుమ్మం దాకా వచ్చేవారే తక్కువ.

మస్జిద్ కమిటీలకు మా సూచన క్లుప్తం. జుమా రోజున వెనుక తలుపు తాళం తీసి ఉంచండి. క్రైస్ట్‌చర్చ్‌లో అన్నూర్ మస్జిద్ పక్క తలుపు తెరుచుకోకపోవడం న్యాయ విచారణలో ప్రధానాంశమైంది. మన ఊళ్ళలో చాలాచోట్ల వెనుక తలుపుకు తాళమేసి, తాళంచెవి ముఅజ్జిన్ జేబులో ఉంటుంది, ముందు గుమ్మంలో చెప్పుల గుట్ట. ఆ గుట్టను పక్కకు జరపండి. ఇద్దరు యువకులు వంతులవారీగా బయట నిలబడి, తర్వాత వేరే జమాతుతో నమాజు చేసుకోవచ్చు. స్టేషన్ ఫోన్ నంబరు వారి దగ్గర ఉండాలి. అమెరికా వెళ్ళే పిల్లలకు కూడా చెప్పేది ఇంతే. ఏ భవనంలోకి వెళ్ళినా బయటికి దారులు ముందుగా చూసుకొమ్మనండి. ఇంట్లో తుపాకి పెట్టుకుంటే దొంగకంటే ముందు అది గదిలోని స్నేహితునికీ, ఒంటరితనంతో కుంగిన తనకే అందుబాటులో ఉంటుందని చెప్పండి.

విచారణ మాటకొస్తే, మనవద్ద తుపాకి విచారణలు అరుదు, పెళ్ళి విచారణలు అరుదు కావు. వరుని గురించి వాకబు చేయడానికి వచ్చినవారితో, అతని కోపమూ చేయిచేసుకునే అలవాటూ తెలిసికూడా, “షరీఫ్ పిల్లవాడు” అని పంపేసే అలవాటు మన వీధులలో బలంగా ఉంది. రేపు కానిస్టేబులు వచ్చి లైసెన్సు విషయమై పొరుగువాణ్ణి గురించి అడిగినా అదే జవాబు చెబుతాము. ఎందుకొచ్చిన గొడవ అనుకుంటాము, గీబత్ అవుతుందేమోనని కూడా కొందరు సంకోచిస్తారు. ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో, పరోక్షంగా ఒకరి లోపం చెప్పడం ధర్మసమ్మతమయ్యే ఆరు సందర్భాలు పేర్కొన్నారు. హాని నుండి ముస్లిములను హెచ్చరించడం, సంబంధం కలుపుకోబోయేవారు సలహా అడిగినప్పుడు ఉన్నది చెప్పడం వాటిలో ఉన్నాయి. పొరుగింట్లో భార్యను కొట్టే చప్పుడు గోడ ఇవతలికి వినబడే స్త్రీలను ఏ అధికారీ వచ్చి అడగడు. వారు తమ ఇంటి మగవారికైనా చెప్పాలి. అన్నిసా సూరా సాక్ష్యాన్ని తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగానైనా ఇవ్వమన్నది; పొరుగువానికి అందులో మినహాయింపు లేదు.